వెన్నరంగు గిన్నె మీద గోధుమరంగు గీతలు

"నేరస్థులు రెండే రకాలు. నాకు దొరికిపోయినవాళ్ళు, నాకు దొరకబోయేవాళ్ళు," అని ప్రకటించాడు భూతద్దం, తన కళ్ళజోళ్ళ షాపులో నిలువుటద్దం ముందు నిలబడి.

"మొదటి రకంలో ఇప్పటిదాకా ఎంతమంది బావా?" అని అడిగాడు బావమరిది.

"ఇంకా లెక్క మొదలవ్వలేదు. మేధావికి తొందర ఉండదు."

జేబులో ఎప్పుడూ భూతద్దం పెట్టుకుని తిరుగుతాడని జనం అతనికి ఆ పేరు పెట్టారు. అది తన ఘనతకి దక్కిన బిరుదని అతని నమ్మకం. బావమరిది డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాడు. స్టీరింగ్ ఇంకొకడి చేతికిచ్చి, తన ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఆ సంగతి మొహంలో కనపడనివ్వకుండా కూర్చోవడం అతని వృత్తి. భూతద్దానికి సహాయకుడిగా అంతకన్నా తగినవాడు దొరకడు. పైగా అక్క మొగుడు కాబట్టి తప్పించుకునే దారి కూడా లేదు.

ఫోన్ మోగింది. భూతద్దం వాళ్ళ పిన్ని.

"ఒరేయ్, నా గిన్నె మార్చేశారురా!"

"భయపడకు పిన్నీ. దేన్నీ ముట్టుకోకు. తలుపులన్నీ మూసెయ్. ఊపిరి కూడా నెమ్మదిగా పీల్చు. శవం ఎక్కడుంది?"

"శవమేంట్రా? టీ గిన్నె!"

"అంటే హత్య ఇంకా జరగలేదన్నమాట. సమయానికే ఫోన్ చేశావు."

బావమరిది కారు తాళాలు అందుకున్నాడు.

పిన్నిగారింట్లో ముందుగది గోడ పొడవునా గాజు బీరువా ఉంది. దాన్నిండా జపాన్ పద్ధతిలో చేత్తో చేసిన టీ గిన్నెలు. మాచా అనే ఆకుపచ్చ టీ పొడిని ఇలాంటి గిన్నెలో వేసి, వేడినీళ్ళు పోసి, వెదురు కవ్వంతో నురగ తేలేదాకా చిలికి తాగుతారు. తాగేవాళ్ళు తాగుతారు. పిన్నిగారు మాత్రం తుడుస్తారు, చూసుకుంటారు, మళ్ళీ లోపల పెడతారు. పోస్టాఫీసులో పనిచేసినన్నాళ్ళూ పగిలే సామాను పార్సిళ్ళంటే ప్రాణం పెట్టిన మనిషి, రిటైరయ్యాక ఆ ప్రాణమంతా తెచ్చి ఈ గిన్నెల మీద పెట్టారు.

వాటన్నిటిలోకీ ఆవిడకి ముద్దొచ్చేది వెన్నరంగు గిన్నె. దానికి వేరే చెక్కపెట్టె కూడా ఉంది, పాడవుతుందని ఇవాళ్టిదాకా రెండేళ్ళపాటు ఆవిడ దాని మూతే తీయలేదు. ఇప్పుడది బల్ల మీద ఉంది. బల్లకి ఇటు పిన్నిగారు, అటు ఆవిడ స్నేహితురాలు సంగీతం టీచరు, ఒళ్ళో వయొలిన్ పెట్టెతో. మూల కుర్చీలో ఒక న్యూస్‌పేపరు, దాని వెనకాల బాబాయిగారు.

"దీని గాజుపూత నిండా వెంట్రుకల్లాంటి సన్న పగుళ్ళుంటాయి," అని మొదలుపెట్టారు పిన్నిగారు. "రోజూ వాడితే టీ ఆ పగుళ్ళలోకి ఇంకి, నెలలు గడిచేసరికి గోధుమరంగు గీతలు తేలతాయి. నా గిన్నెలో ఇంతవరకూ చుక్క టీ పోయలేదు. మరి దీన్నిండా గీతలేమిటి? ఇది నాది కాదనేగా! ఈవిడగారు చుట్టాలకి చూపిస్తానని పెట్టెతో సహా పట్టుకెళ్ళి, ఎవరో వాడేసిన గిన్నె పెట్టెలో పెట్టి తెచ్చారు."

"నేను పట్టుకెళ్ళినప్పుడే గీతలున్నాయి," అంది టీచరు. "ఇన్నాళ్ళకి వాడటం మొదలుపెట్టావని సంతోషించాను కూడా."

"నేను వాడనని మీకు తెలుసు."

ఆ 'మీకు' అన్నమాటకి టీచరు మొహం పాలిపోయింది. ఇద్దరూ పక్కపక్క ఇళ్ళల్లో పిల్లల్ని పెంచుకున్నవాళ్ళు. బీరువాలో మొట్టమొదటి గిన్నె ఇద్దరూ కలిసి వెళ్ళి ఎంచినదే. అసలు గిన్నె తెచ్చివ్వకపోతే ఇకమీదట ఈ గుమ్మం ఎక్కొద్దని పిన్నిగారు అనేశారు. ఆవిడ అన్నమాట వెనక్కి తీసుకునే మనిషి కాదు. బావమరిది ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. ఒక గిన్నె కోసం ఇంత స్నేహం పోతోంది, దాన్ని కాపాడాల్సిన బాధ్యత చూస్తే బావ చేతిలో పడింది.

భూతద్దం గిన్నె చుట్టూ మోకాళ్ళ మీద ఒక ప్రదక్షిణం చేశాడు.

"అంచు వంకరగా ఉంది. ఇక్కడ ఘోరమైన పెనుగులాట జరిగింది!"

"చేసినాయన అలాగే చేశాడురా. అదే దాని అందం," అన్నారు పిన్నిగారు.

"పక్కన బొటనవేలంత గుంట! దొంగ కసిగా నొక్కాడు!"

"మట్టి పచ్చిగా ఉన్నప్పుడు చేసినాయనే నొక్కాడు. కాల్చాక ఎవడు నొక్కగలడు?"

"అమానుష బలం," అని గొణుక్కున్నాడు భూతద్దం. "బావమరిదీ, గుర్తుపెట్టుకో. మనం వెతుకుతున్నది పహిల్వాన్ని."

బావమరిది టీచరుగారి సన్నటి చేతుల వంక చూసి, గుర్తుపెట్టుకున్నానన్నట్టు తలూపాడు.

తర్వాత వేలిముద్రలు. వాటికి కావల్సిన పొడి షాపులో మర్చిపోయి వచ్చాడు కాబట్టి, భూతద్దం బీరువాలో ఉన్న మాచా డబ్బా తీసి గిన్నె లోపలా బయటా చల్లాడు. "అయ్యో, అది వచ్చినవాళ్ళకి ఇచ్చే పొడిరా!" అని పిన్నిగారు మొత్తుకుంటున్నారు. గది నిండా ఆకుపచ్చ ధూళి లేచింది. అందరూ తలా ఒక తుమ్ము తుమ్మారు. పేపరు వెనకనించి కూడా ఒకటి వినిపించింది.

"దొరికింది! పచ్చిగా, తాజాగా, స్పష్టంగా ఒక వేలిముద్ర!" అని భూతద్దం కేకపెట్టాడు.

"అది మీది బావా. ఇందాకే పట్టుకున్నారు."

భూతద్దం తన వేలు చూసుకున్నాడు, గిన్నె చూశాడు. "చూశావా వాడి తెలివి? నా వేలిముద్రలు కూడా కాజేశాడు."

ఇక ఉపన్యాసం మొదలైంది. నేరమనే చీకటి, న్యాయమనే టార్చిలైటు, మధ్యలో తనలాంటి బ్యాటరీ, ఇలా చాలాసేపు సాగింది. చివరికి అతని చూపుడువేలు గదంతా తిరిగి టీచరు ఒడి దగ్గర ఆగింది.

"ఆ చెక్కపెట్టె కాక, ఈ గదిలో గిన్నె పట్టేంత పెట్టె ఇంకొక్కటే ఉంది. తెరవండి!"

టీచరు పెట్టె తెరిచింది.

"వయొలిన్," అన్నాడు భూతద్దం నిరాశగా.

"అదే ఉంటుంది మరి," అని ఆవిడ పెట్టె మూసి లేచింది. పిన్నిగారి వంక చూడకుండా, "వెళ్తాను," అంది. వస్తాను అనలేదు. అది బావమరిదికి వినిపించింది, పిన్నిగారికి కూడా వినిపించినట్టే ఉంది. ఆవిడ పెదవి బిగించి కిటికీ వైపు తిరిగారు.

అంత ఉపన్యాసం ఇచ్చాక ఎవరి గొంతైనా ఎండుతుంది. వంటింట్లో బాబాయిగారి కాఫీ కోసం పెట్టిన కెటిల్ బుసకొడుతోంది. భూతద్దం వెళ్ళి దాన్ని అలాగే పట్టుకొచ్చాడు. ఎదురుగా గిన్నె ఉంది, అందులో పొడి ఎలాగూ ఉంది. సాక్ష్యమన్న సంగతి మరిచి, కెటిల్ ఎత్తి వంచబోయాడు.

"ఆగరా దరిద్రుడా!"

పేపరు గాల్లోకి ఎగిరింది. ఎప్పుడూ నిదానంగా లేచే బాబాయిగారు ఒక్క గంతులో బల్ల దగ్గరున్నారు.

"చల్లటి గిన్నెలో మరిగే నీళ్ళు పోస్తావా? పగిలి ఊరుకుంటుంది! ముందు గోరువెచ్చటి నీళ్ళలో నాననివ్వాలి, తుడవాలి, అప్పుడు పొడి వెయ్యాలి! అయినా ఇంత మరిగిన నీళ్ళు పోస్తే టీ చేదు విషమైపోదూ?"

అదిరిపడ్డ భూతద్దం కెటిల్ని గిన్నె మీంచి పక్కకి తిప్పి, నీళ్ళు తన కాలి మీదే పోసుకున్నాడు. చావుకేక పెట్టి కుంటుకుంటూ స్నానాలగదిలోకి పరిగెత్తాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. బాబాయిగారు గిన్నెని గుండెకి ఆనించుకుని నిలబడ్డారు. ఎడమ అరచెయ్యి అడుగున ఉంది. కుడి బొటనవేలు ఆ గుంటలో, వెతుక్కోకుండానే, సరిగ్గా కూర్చుంది. ఎన్నో ఏళ్ళుగా రోజూ కారెక్కే మనిషి గేరు చూడకుండా పట్టుకున్నట్టు పట్టుకున్నారని బావమరిదికి తోచింది.

"మీరు ఈ టీని గడ్డిరసం అంటారుగా?" అన్నారు పిన్నిగారు మెల్లగా.

బాబాయిగారు నేల చూపులు చూశారు. "అన్నాను. నువ్వు లైబ్రరీకి వెళ్ళినప్పుడు, ఏముందో ఇందులో చూద్దామని ఓసారి చేసుకున్నాను. పట్టుకుంటే చేతులకి వెచ్చగా, హాయిగా ఉంది. మర్నాడు మళ్ళీ చేసుకున్నాను. ఏడాది పైనే అయింది."

"చెప్పచ్చుగా?"

"నీ స్నేహితుల ముందు అన్నేళ్ళు వెక్కిరించి, ఏ మొహం పెట్టుకుని చెప్పను? ఇవాళ చెప్పేద్దామని రెండుసార్లు పేపరు దించాను. నీ మొహం చూసి మళ్ళీ ఎత్తుకున్నాను."

ఇంకోరోజైతే పిన్నిగారు ఆయన్ని వదిలేవారు కాదు. ఇప్పుడు ఆయన వైపు చూడను కూడా లేదు. గుమ్మంలో, వయొలిన్ పెట్టె పట్టుకుని ఆగిపోయిన టీచరు దగ్గరికి వెళ్ళారు.

"గీతల్ని నమ్మాను. నిన్ను నమ్మలేదు," అన్నారు. "తప్పయిపోయిందే."

"తప్పే. నాకు చాలా కోపంగా ఉంది. ఇప్పట్లో తగ్గేట్టు లేదు," అంది టీచరు కళ్ళు తుడుచుకుంటూ.

"తగ్గించుకోమని నేనన్నానా? కోపంగానే ఉండు. ఈ ఇంట్లో కూర్చుని ఉండు."

టీచరు గుమ్మం దాటనూ లేదు, లోపలికి రానూ లేదు. బాబాయిగారు మెల్లగా వంటింట్లోకి వెళ్ళి, గిన్నె కడిగి గోరువెచ్చటి నీళ్ళలో పెట్టారు. కవ్వం ఎక్కడ దాచారో ఆయనకే తెలుసు. కాసేపటికి సన్నగా చిలికే చప్పుడు వినిపించింది. బావమరిది టీచరు కాళ్ళ వంకే చూస్తున్నాడు. ఏ శిష్యుడు రోడ్డెక్కినప్పుడూ అతను అంత భయపడలేదు.

ఆ క్షణంలో స్నానాలగది తలుపు దడాలున తెరుచుకుంది. ఒక పాదానికి తడితువ్వాలు చుట్టుకుని, భూతద్దం ఒంటికాలి మీద గెంతుతూ వచ్చాడు. జరిగిందేదీ అతని చెవిన పడలేదు.

"ఆగండి!" అని గర్జించాడు. "అసలు గిన్నె ఇంకా దొరకలేదు! నేను చెప్పేదాకా ఎవరూ ఈ గది దాటి వెళ్ళడానికి వీల్లేదు!"

పిన్నిగారు టీచరు చేతిలోంచి వయొలిన్ పెట్టె తీసుకుని సోఫా మీద పెట్టారు.

"ఎవరూ వెళ్ళట్లేదురా," అన్నారు.

టీచరు చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చుంది.