ప్రార్థనకు వెళ్ళిన పెళ్ళి వీడియో

గురువారం ఉదయం ఎలీషా వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. కంకిపాడు సెంటరుకు దగ్గర్లో, ఇంటి ముందు గదిలోనే అతని వీడియో స్టూడియో. రెండువేల ఎనిమిదిలో చుట్టుపక్కల జరిగిన పెళ్ళిళ్ళన్నీ చేరి అతని కంప్యూటరు నిండిపోయింది. ఏ పని చెప్పినా చోటు లేదంటోంది. అందుకని ముందురోజే బెజవాడ వెళ్ళి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కొచ్చాడు. అరచేతిలో ఇమిడే నల్లటి పెట్టె. వైరుతో తగిలిస్తే నాలుగు కంప్యూటర్లంత చోటు ఇస్తుందని షాపువాడు చెప్పాడు.

పునాదిపాడు వెంకటకృష్ణారావుగారి అమ్మాయి హైమావతి పెళ్ళి వీడియోను అందులోకి మార్చాలి. ఖాళీ అయిన చోటులో సీడీలు తయారుచేసి పదకొండింటికల్లా అందించాలి. సాయంత్రం ఆ పిల్ల భర్తతో భిలాయి రైలెక్కుతుంది. మంచం దిగలేని నాయనమ్మ పెళ్ళికి రాలేకపోయింది. ఆవిడ పక్కన కూర్చుని పెళ్ళంతా చూపించి మరీ వెళ్తానని హైమావతి మాటిచ్చింది. మళ్ళీ ఎప్పుడొస్తుందో, వచ్చేసరికి ముసలమ్మ ఉంటుందో లేదో, ఆ ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు.

"కట్ చేయకండి, కాపీ చేయండి. ఇక్కడా ఒకటి ఉంటుంది" అంది ఎలీషా భార్య దీవెన, కాఫీ గ్లాసు పట్టుకొచ్చి.

"కాపీ చేస్తే ఇక్కడ చోటెలా వస్తుందే? నాకు చెప్పొచ్చావ్!" అని ఎలీషా కట్ కొట్టాడు.

కొత్త వస్తువు మీద దుమ్ము పడకూడదని ఒక తొడుగు కోసం వెతికాడు. అతని తల్లి సువార్తమ్మ దగ్గర జిప్పులున్న నల్ల కవర్లు రెండున్నాయి. గుంటూరు సభల్లో పంచినవి. ఒకదాంట్లో ఆవిడ చిన్న కొత్త నిబంధన గ్రంథం ఉంటుంది. రెండోది ఖాళీ. డిస్కును అందులో దూర్చి, జిప్పు మూల నుంచి వైరు బయటికి తీశాడు. కుట్టించినట్టు సరిపోయింది. తెర మీద ఇంకా ఇరవై నిమిషాలు పడుతుందని కనపడగానే స్నానానికి వెళ్ళాడు.

వీపుకు సబ్బు రాసుకుంటుండగా కరెంటు పోయింది. రోజూ ఎనిమిదింటికి పోయి పన్నెండింటికి వచ్చే కరెంటే. యూపీఎస్ బ్యాటరీ చచ్చి ఆరు నెలలైంది. ఇరవై నిమిషాలూ అయ్యే ఉంటాయిలే అనుకుంటూ తీరిగ్గా బయటికొచ్చాడు. కంప్యూటరు పక్కన వైరు మాత్రమే వేలాడుతోంది.

"దీవెనా! డిస్కేదే?"

"నేను ముట్టుకోలేదండీ. అత్తయ్య ఇందాక కరెంటు పోయాక ప్రార్థనకు వెళ్తూ పుస్తకం కోసం ఈ గదిలోకొచ్చారు. 'వీడు పుస్తకానికి కూడా చార్జింగు పెట్టాడేంటే' అంటుంటే నాకు అర్థం కాలేదు."

ఎలీషా కిటికీ వైపు చూశాడు. కొత్త నిబంధన గ్రంథం కిటికీలోనే ఉంది. కళ్ళజోడు రిపేరుకిచ్చిన సువార్తమ్మ, చేతికి తగిలిన నల్ల కవరు తీసుకుని వెళ్ళిపోయింది. వాక్యాలన్నీ ఆవిడకు కంఠతా వచ్చు. పుస్తకం గుండెకు ఆనించుకోవడానికే తప్ప తెరవడానికి కాదు.

గురువారం ఆడవాళ్ళ ప్రార్థన కూడిక అదే వీధిలో ఉండే లాజరు ఇంట్లో. ఎలీషా వెళ్ళేసరికి పాతికమంది కళ్ళు మూసుకుని ఉన్నారు. చాప మీద పుస్తకాల కుప్ప, అందులో అలాంటి నల్ల కవర్లు పదిహేను. అందరూ అవే సభలకు వెళ్ళారు మరి. ఎలీషా మోకాళ్ళ మీద కూర్చుని చప్పుడు కాకుండా ఒక్కో జిప్పూ తీసి చూడసాగాడు. అతను చర్చిలో అడుగుపెట్టి మూడేళ్ళైంది. అప్పుడూ కెమెరాతోనే వచ్చాడు.

లాజరు భార్య ఒక కన్ను తెరిచింది. "ఓ సువార్తమ్మొదినా! కళ్ళు తెరువు. మీవాడు వాక్యం కోసం ఎట్టా దేవులాడుతున్నాడో చూడు!"

"అమ్మా, నీ కవరేదే? నా ప్రాణమంతా అందులో ఉందే!" అన్నాడు ఎలీషా.

"స్తోత్రం!" అన్నారు పాతికమందీ.

"అది కాదండీ, నేను చెప్పేది..."

"ఏం చెప్పొద్దు నాన్నా. పదేళ్ళ నుంచీ ఈ మాట కోసమే కాచుకుని ఉన్నా" అంటూ సువార్తమ్మ కొడుకు తల మీద చెయ్యి పెట్టి ఏడవడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళూ చేతులు పెట్టారు. అన్ని చేతుల కింద నుంచి లేవడం ఎవరివల్లా కాదు. ప్రార్థన ముప్పావు గంట సాగింది. ముగిశాక తెలిసిందేమిటంటే, సువార్తమ్మ కొడుకు మారుమనసు కోసం చీటీ రాయించి ఆ కవరులో పెట్టి, చెయ్యి ఉంచి ప్రార్థించమని పాస్టరు ఏసుపాదంగారికి అప్పటికే ఇచ్చేసింది. ఆయన దాన్ని మోపెడ్ డిక్కీలో వేసుకుని ఉయ్యూరు కూడికకు వెళ్ళిపోయారు.

ఎలీషా ఫోన్ చేశాడు. "అయ్యగారూ, అమ్మ ఇచ్చిన కవరు నాకు అర్జంటుగా కావాలండీ. అది దొరక్కపోతే ఇవాళ నేను బతకనండీ!"

అవతల పాస్టరుగారు పాట ఆపించారు. "బాబూ, ఎంత మాటన్నావయ్యా! ఫోన్లో వద్దు. వచ్చెయ్. సంఘమంతా నీ కోసం కనిపెట్టుకుని ఉంటాం."

ఆ ఫోన్ పెట్టేశాడో లేదో వెంకటకృష్ణారావు చేశాడు. "ఏవయ్యా ఎలీషా, సీడీలు రెడీయేనా?"

అబద్ధం ఆడడానికి కూడా ఎలీషాకు ఓపిక లేకపోయింది. "మీ వీడియో ఉయ్యూరులో ఉందండి. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు."

"మా అమ్మాయి పెళ్ళి వీడియోకి ప్రార్థనేంటయ్యా? అంత సీరియస్‌గా ఉందా దానికి?"

"వచ్చాక చెప్తానండి."

"ఇంకెప్పుడు చెప్తావ్, అయిపోయాకా? అక్కడే ఉండు, కారేసుకొస్తున్నా!"

ఇద్దరూ ఉయ్యూరు చేరేసరికి ప్రార్థన మందిరం కిటకిటలాడుతోంది. ఏసుపాదంగారు నల్ల కవరును రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉన్నారు. ఎలీషా అందుకోబోతే ఆయన ఇంకాస్త పైకెత్తారు.

"ముందు సంఘానికి చెప్పు బాబూ. నీలో మార్పు వచ్చిందా?"

ఎలీషా గోడ గడియారం చూశాడు. పదకొండున్నర. "వచ్చిందండీ."

"బాప్తిస్మం తీసుకుంటావా?"

"తీసుకుంటానండీ. కాస్త తొందరగా ఇప్పించండి."

"చూశారా ఆ తొందర! ఈ ఆదివారమే!" అన్నారు పాస్టరుగారు. అందరూ చప్పట్లు కొట్టారు. వీడియోకు నయమైందనుకుని వెనక నుంచి వెంకటకృష్ణారావు కూడా కొట్టాడు.

కంకిపాడు తిరిగొచ్చేసరికి కరెంటు వచ్చింది. ఎలీషా కవరు తెరిచి, తన పేరున్న చీటీ పక్కన పెట్టి, డిస్కు తగిలించాడు. అందులో ఏమీ లేదు. తీసి మళ్ళీ తగిలించాడు. మళ్ళీ ఏమీ లేదు. వెంకటకృష్ణారావు స్టూలు మీద కూలబడ్డాడు. జేబులో ఫోన్ మోగింది. "నాన్నా, నాయనమ్మ కొత్త చీర కట్టించుకుని కూర్చుంది" అంటోంది హైమావతి.

"కంప్యూటర్లో చూశారా?" అంది దీవెన.

"కట్ చేశాను కదే! ఇంకా ఇక్కడెలా ఉంటుంది?"

దీవెన అతని చేతిలోంచి మౌస్ తీసుకుంది. పెళ్ళి పెళ్ళంతా ఉన్న చోటే ఉంది. కరెంటు పోయేసరికి మార్పిడి సగంలోనే ఆగి, డిస్కులోకి చేరిన సగమూ నిలవలేదు.

"అక్కడికి పూర్తిగా చేరేదాకా ఇక్కడ్నుంచి కదలదన్నమాట" అన్నాడు ఎలీషా నోరు తెరిచి.

"మా అమ్మాయికీ అలాగే ఉంటే బాగుండునయ్యా" అన్నాడు వెంకటకృష్ణారావు. అని, వెంటనే కళ్ళజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

సీడీలు చేసే వ్యవధి లేదు. "సీడీలెందుకండీ, కంప్యూటరే తీసుకెళ్ళండి" అంది దీవెన. సీపీయూ కారు వెనక సీట్లో, మానిటరు ఎలీషా ఒళ్ళో కూర్చుని పునాదిపాడు వెళ్ళాయి. ముసలమ్మ మంచం ఎదురుగా స్టూలేసి నిలబెట్టారు. మనవరాలి భుజం మీద చెయ్యేసి ఆవిడ మొత్తం చూసింది. అప్పగింతల దగ్గర తన కొడుకు స్తంభం చాటుకు వెళ్ళి ఏడుస్తుంటే చూసి, "మళ్ళీ వెయ్యి నాయనా, చిన్నప్పుడూ వీడింతే" అంది. మూడుసార్లు వేయించుకుంది. హైమావతికి రైలు ప్లాట్‌ఫారం మీద కదలబోతుండగా అందింది.

ఆ సాయంత్రమే నిజం చెప్పేద్దామనుకుంటూ ఎలీషా ఇంటికొచ్చాడు. సువార్తమ్మ అరుగు మీద నిలబడి వీధి వీధంతటికీ అరిసెలు పంచుతోంది. కొడుక్కి కూడా ఒకటి అందించి, "నీ నోటితో నువ్వే ఒప్పుకున్నావంట కదరా!" అంది. ఎలీషా తెరవబోయిన నోట్లో అరిసె పెట్టుకున్నాడు.

ఆదివారం పొద్దున్నే బందరు కాలువ గట్టు మీద జనం నిండిపోయారు. దీవెన కెమెరా పట్టుకుంది. నడుం లోతు నీళ్ళలో పాస్టరుగారు ఎలీషాను ముంచి లేవనెత్తారు. కొత్త జీవితంలో అతని మొదటి పలుకు వినాలని గట్టంతా ముందుకు వంగింది. ముక్కులోంచి నీళ్ళు చీదుకుంటూ ఎలీషా భార్య వైపు తిరిగి, ఆ నిలబడ్డ చోట వెలుగు ఎదురు కొడుతుందని, ఇంకోసారి ముంచేలోగా ఇటు పక్కకు రమ్మని చెప్పాడు.