లేని మంచం దేన్నీ ఢీకొనదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. పాపం, కట్టకుండా చూడటంలో ఉన్న సుఖం వాళ్ళకి తెలియదు!

నా మాట నమ్మండి. భవనాలకు పట్టిన అసలు జబ్బు వాటిని కట్టడమే. కట్టని గోడ బీటలు వారుతుందా? కట్టని కప్పు కారుతుందా? కట్టని మెట్ల మీద ఎవరైనా జారిపడ్డారని మీరెప్పుడైనా విన్నారా?

ఈ సత్యాన్ని గ్రహించిన మహానుభావుడెవరో బిమ్ అనే పద్ధతి కనిపెట్టాడు. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, తెలిసినవాళ్ళు ఈలోగా టీ తాగి రండి. కట్టబోయే భవనాన్ని ముందే కంప్యూటర్లో మోడల్‌గా కట్టేస్తారు. గోడా, గోడలోని పైపూ, ఆ పైపుని పట్టి ఉంచే క్లాంపూ, అన్నీ అందులో ఉంటాయి. నీళ్ళ పైపు వెళ్ళి దూలాన్ని గుద్దితే అక్కడ ఎర్రచుక్క వెలుగుతుంది. దాన్ని క్లాష్ అంటారు. కాంక్రీటు పోశాక తల బాదుకునే బదులు ముందే మౌసు పట్టుకుని సరిచేసుకోవచ్చు. బంగారంలాంటి పద్ధతి, కాదనను.

అయితే బంగారం ఉంటే సరిపోతుందా? దాన్ని ఎవరు పెట్టుకోవాలి, ఎప్పుడు పెట్టుకోవాలి, ఏ పెట్టెలో దాచాలి, ఇవన్నీ ముందు తేలాలి కదా! అందుకే మోడల్‌ని ఎవరు, ఎప్పుడు, దేనికి వాడాలో ఒక ప్లాన్ రాస్తారు. భవనం ప్లాన్ కాదు సుమండీ. భవనం మోడల్‌ని వాడుకునే ప్లాన్. అది రాసే ఉద్యోగం నాది. కోఆర్డినేటర్ అంటారు. ఒక ఆస్పత్రికి కొత్త కాన్పుల వార్డు కట్టాలి. పదకొండు నెలలుగా రాస్తున్నాను.

నవ్వకండి! పదకొండు నెలల్లో మేం సాధించింది తక్కువేం కాదు. మోడల్‌ని వాడే విధాలు నలభై మూడు తేల్చాం. ఫైలుకి పేరెలా పెట్టాలన్న దాని మీదే ఆరు మీటింగులు జరిగాయి. ఇప్పుడు మా ఫైలు పేరు చదవడం మొదలుపెడితే సగంలో ఊపిరి తీసుకోవాల్సిందే. తలుపు గొళ్ళెం మేకుల దాకా మోడల్లో గీయించాం. బయట చెట్లు గీస్తే ఆకులు కదలడం లేదని మా ప్రాజెక్టు పెద్దాయన అభ్యంతరం చెప్పారు. ఇప్పుడు కదులుతున్నాయి.

మోడల్లో మనుషుల బొమ్మలు కూడా ఉన్నాయి. అందరూ సన్నగా, చేతిలో కాఫీ కప్పుతో చకచకా నడుస్తుంటారు. ఒకాయన కుక్కని కూడా తెచ్చుకున్నాడు. అంత పెద్ద కాన్పుల వార్డులో ఒక్కరికి కడుపుంటే ఒట్టు!

ఒకరోజు పెద్దాయన ప్రత్యేకమైన కళ్ళద్దాలు పెట్టుకుని మోడల్లో విహరించారు. వార్డంతా తిరిగారు, కిటికీలోంచి చెట్లు చూసి మురిసిపోయారు, వెనక్కి తిరుగుతూ మీటింగు గది టేబులుకి మోకాలు కొట్టుకున్నారు. ఆ రోజు బయటపడ్డ క్లాష్ అదొక్కటే.

ఇంత చక్కగా సాగుతున్న పనికి అడ్డం ఎవరో తెలుసా? సాక్షాత్తు మా అక్క.

మా అక్క అదే ఆస్పత్రిలో కాన్పుల వార్డుకి హెడ్ నర్సు. పాత వార్డులో కాన్పు గది ఒక భవనంలో, ఆపరేషన్ గది ఇంకో భవనంలో ఉన్నాయి. మధ్యలో ఆరుబయలు. కేసు కష్టమైతే తల్లిని చక్రాల మంచం మీద ఆ ఆరుబయట నుంచే తోసుకెళ్ళాలి. వానొస్తే ఇద్దరు తోస్తారు, ఒకరు గొడుగు పడతారు. గొడుగు మొహానికి పడితే కాళ్ళు తడుస్తాయి. అక్క పంతొమ్మిదేళ్ళుగా ఆ గొడుగు పడుతోంది. కొత్త వార్డులో రెండు గదులూ ఒకే కప్పు కింద ఉంటాయి. తను అడిగేదల్లా అంతే.

"ఏరా, ఎంతవరకు వచ్చింది మా వార్డు?" అంది ఒకసారి, భోజనాల దగ్గర.

"ఫైలు పేర్లయిపోయాయక్కా. రంగుల పట్టిక నడుస్తోంది."

"ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఊరికే అనలేదు. నువ్వు ఆ సామెతని కూడా తిరగేశావురా. నా దగ్గర ఆలూ ఉంది, చూలూ ఉంది. ఆ కొడుకు పుట్టడానికి గది లేదు!"

ప్రణాళిక విలువ తెలియనివాళ్ళు ఇలాగే మాట్లాడతారు. అక్క కదా అని ఊరుకున్నాను.

ఇక్కడ మీకు మా ప్లాన్‌లోని లోతైన సమస్య ఒకటి చెప్పాలి. మోడల్లో ఏ వస్తువు ఎవరు గీయాలో రాసే పట్టిక ఒకటుంది. కుర్చీలు, బల్లలు ఇంటీరియర్ వాళ్ళవి. యంత్రాలు పరికరాల వాళ్ళవి. మరి ఆస్పత్రి మంచం ఎవరిది? పడుకుంటారు కాబట్టి ఫర్నిచర్ అన్నారు పరికరాల వాళ్ళు. మీట నొక్కితే పైకి లేస్తుంది కాబట్టి పరికరం అన్నారు ఇంటీరియర్ వాళ్ళు. చక్రాలున్నాయి కాబట్టి వాహనం కింద వస్తుందేమో, పార్కింగ్ వాళ్ళని అడగండి అన్నారు పెద్దాయన. ఉపసంఘం వేశాం. నాలుగు మీటింగులైనా తేలలేదు.

తేలకపోతే నష్టమేముంది? మంచం లేకుండానే మోడల్ పూర్తయింది. పరీక్షిస్తే ఒక్క ఎర్రచుక్క లేదు! క్లాషులు సున్నా! కేకు కోశాం.

ఈలోగా కాంట్రాక్టరు తొందరపడి పునాదులు వేసేశాడు. ఓపిక లేని మనిషి. నేల చదును చేసి, కాన్పు గది నుంచి ఆపరేషన్ గదికి వెళ్ళే కారిడార్ మలుపు దగ్గర కాంక్రీటు గోడకి మర్నాటి నుంచే కడ్డీలు కడతానన్నాడు. ఆ గోడ ఒకసారి పోస్తే యాభై ఏళ్ళు కదలదు. మేస్త్రి వచ్చి గోడలెక్కడ వస్తాయో నేల మీద సున్నంతో ముగ్గు పోశాడు.

ఆ రోజే పొద్దున్న పదింటికి గడగడా చప్పుడు. చూస్తే మా అక్క! పాత వార్డు నుంచి ఆయాతో కలిసి చక్రాల మంచాన్ని తోసుకుంటూ సైటులోకి వచ్చేసింది.

"మేస్త్రీ, ఎక్కి పడుకో," అంది.

"నేనా? నాకు అరవై దాటాయమ్మా!"

"నిన్నేం కనమనడం లేదు. పడుకో."

మేస్త్రి చెప్పులు విడిచి, తలపాగా దిండులా పెట్టుకుని పడుకున్నాడు. పడుకున్నవాడు ఊరుకోవచ్చుగా? "అమ్మో, నొప్పులు!" అని మూలగడం మొదలుపెట్టాడు. పనివాళ్ళు పారలు పడేసి నవ్వుతున్నారు. అక్కా ఆయా మంచాన్ని సున్నం గీతల మధ్య తోశారు. మలుపు దగ్గర తిప్పారు. తలవైపు గీత దాటింది. వెనక్కి లాగి మళ్ళీ తిప్పారు. ఈసారి కాళ్ళవైపు దాటింది. మూడోసారీ అంతే. మంచం మలుపులో అడ్డంగా ఆగిపోయింది.

మేస్త్రి మూలుగు ఆపాడు. "ఇక్కడ ఆగిపోతే ఏం చేస్తారమ్మా?" అన్నాడు, పడుకునే.

"చేతుల మీద ఎత్తుకెళ్ళాలి," అంది అక్క. "ఆ సమయానికి చేతులు దొరికితే."

పనివాళ్ళు పడేసిన పారలు మళ్ళీ అందుకున్నారు. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. అయినా కోఆర్డినేటర్ని కదా, ధైర్యం తెచ్చుకున్నాను.

"అదెలాగక్కా? మోడల్లో ఒక్క క్లాషూ లేదే!"

"మోడల్లో మంచం ఉందా?"

"లేదు."

"ఎందుకు లేదు?"

"అది ఫర్నిచరో పరికరమో ఇంకా తేలలేదక్కా."

నలుగురిలో ఉన్నాం కాబట్టి నా వీపు బతికిపోయింది.

అక్కడే ఉన్న స్ట్రక్చరల్ ఇంజినీరు బూట్లకి సున్నం అంటుకున్నా లెక్కచేయకుండా గీతల మధ్య అటూ ఇటూ నడిచాడు. మలుపు గోడని జానెడు వెనక్కి జరపవచ్చు, పునాదికి ఢోకా లేదన్నాడు. మేస్త్రి మంచం దిగి పాత గీత కాలితో చెరిపేసి కొత్తది పోశాడు. మళ్ళీ ఎక్కి పడుకోమంటే ఈసారి బతిమాలించుకోలేదు. అక్క ఒక్క చేత్తో తిప్పింది. మంచం సాఫీగా తిరిగింది. "కవల పిల్లలమ్మా!" అని మేస్త్రి కేక పెట్టాడు. మొత్తం పట్టింది పావుగంట.

పావుగంట! ఇంత హడావిడిగా తీసుకున్న నిర్ణయం మా పద్ధతికి ఎంత మచ్చో ఆలోచించండి. ఫారం నింపలేదు, ఫైలుకి పేరు పెట్టలేదు. దీన్ని ప్లాన్‌లో ఎక్కడ ఇరికించాలా అని మొదటి పేజీ నుంచి తిరగేశాను. మొదటి పేజీలో మొదటి ప్రశ్న: 'ఈ మోడల్‌తో మనకు కావలసిందేమిటి?' కింద ఖాళీ. సులువైన ప్రశ్న కదా, చివర్లో రాసుకుందామని పదకొండు నెలల క్రితం మేమే వదిలేశాం.

ఆ ఖాళీలో 'మంచం తిరగాలి' అని రాశాను.

పెద్దాయన చదివారు. నన్ను తిడతారనుకున్నాను. ఆయన మాత్రం ఇక మీద ప్రతి మీటింగుకీ హెడ్ నర్సునీ, ఆ మంచాన్నీ పిలవాల్సిందేనన్నారు. పిలిచాం. అక్క వచ్చింది. మంచం మా మీటింగు గది తలుపులో పట్టలేదు!

దాంతో మీటింగే మంచం దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. ఇప్పుడు సైటులో, ఆ మలుపు దగ్గర, ఎండలో నిలబడి మాట్లాడుకుంటున్నాం. టేబులు లేదు, బిస్కెట్లు లేవు, కూర్చోవడానికి కుర్చీ లేదు. ఉన్న ఒక్క మంచమూ మేస్త్రి వదలడం లేదు. పదకొండు నెలల్లో తేలనివి అరగంటలో తేలిపోతున్నాయి. గోడలు లేస్తున్నాయి. వానాకాలానికి కప్పు కూడా వేసేస్తారట. అక్క అప్పుడే ఆ గొడుగు ఇంటికి పట్టుకుపొమ్మని ఆయాకి ఇచ్చేసింది.

చూశారా, ప్రశాంతంగా సాగే ప్రణాళికకి ఏ గతి పట్టిందో! పాఠకుల్లో జాలిగుండె ఉన్నవాళ్ళు చాలామంది ఉంటారని నాకు తెలుసు. మీకు దండం పెడతాను, మా అవస్థ చూసి కరిగిపోయి అక్కడికి కుర్చీలు మాత్రం పంపకండి.