సింగన్న తుడిచిన తెరలు

పొద్దున్న మీ కంప్యూటరు తెర మీద ఏం చూశారు? తడుముకోకుండా చెప్పండి. అక్షరాలే కదూ! వాటి మీద పేరుకున్న దుమ్ము మీ కంట పడలేదు.

ఒక పెద్ద అడవిలో ఆ దుమ్మును చూసినవాడు ఒక్కడే. సింగన్న అనే ముసలి గాడిద. గుమాస్తాల సంఘానికి అధ్యక్షుడు. ముప్పై ఏళ్లు జెండా మోసి నడుం వంగినవాడు.

అడవి ఆఫీసు ఒక రాతిగుహలో ఉండేది. కిటికీ అన్నది లేదు. రాతిలోంచి కంటికి కనబడని ఒక పాడు గాలి ఊరేది. దాన్నుంచి పుట్టిన రేడియోధార్మిక రేణువులు దుమ్ముకి అంటుకునేవి. వెలిగే పాత తెరలు ఆ దుమ్మును మీదికి లాక్కునేవి. తెరకి ముక్కు ఆనించి పనిచేసే ఉడుత చుక్కమ్మ దగ్గి దగ్గి సగమైపోయింది.

"గుహకి కిటికీ కొట్టించాలి," అన్నాడు సింగన్న.

మేనేజరు ఎలుగుబంటి ఆవులించాడు. "రుజువేదయ్యా?"

సింగన్న ఊరుకుంటాడా? గుమాస్తాలందర్నీ కూడగట్టి నలభై రోజులు ధర్నా చేశాడు. చివరికి తనిఖీ ఆఫీసరు కొంగ, రేణువుల్ని పసిగట్టే మీటరుతో వస్తున్నాడని కబురొచ్చింది.

"దుమ్ము ఎవరూ ముట్టుకోకండి. అదే మన సాక్షి," అని సింగన్న మరీ మరీ చెప్పాడు.

తనిఖీ రోజు గుమ్మానికి తోరణం వెలిసింది. ముగ్గు పడింది. ఎవరు చెయ్యమన్నారు? ఎవరూ అనలేదు. మేనేజరైతే ఇంకా నిద్రే లేవలేదు.

"మామా, పెద్దాయన వచ్చేస్తున్నాడు. ఈ తెర చూస్తే నేనెంత బద్ధకస్తురాలినో అనుకోడూ?" అంది చుక్కమ్మ, దగ్గుతూనే.

"నోర్ముయ్యి! అది సాక్షి అని చెప్పలేదూ?"

"నాదేముందిలే. అధ్యక్షుడున్న ఆఫీసు ఇంత మురికా అని నిన్నే అంటాడు."

ఆ మాట సింగన్నకి ఎక్కడో తగిలింది. బయట కొంగ రెక్కల చప్పుడు. భుజం మీది తువ్వాలు ఎప్పుడు తీశాడో అతనికే తెలీదు, పన్నెండు తెరలూ తుడిచేశాడు. అద్దాల్లా మెరిశాయి. దుమ్ముపట్టిన తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు.

కొంగ ప్రతి తెర దగ్గరా మీటరు పెట్టాడు. ఉలుకూ పలుకూ లేదు.

"ఇంత శుభ్రమైన ఆఫీసు నేనెక్కడా చూళ్లేదు!" అన్నాడు.

గుమాస్తాలు చప్పట్లు కొట్టారు. సింగన్న కూడా కొట్టాడు, అందరికంటే గట్టిగా.

కొట్టి, నమస్కారం పెడదామని ముందుకి వంగాడు. తువ్వాలు కొస మీటరుకి తగిలింది. మీటరు టకటకలాడింది.

కొంగ అక్కడికక్కడే రిపోర్టు రాశాడు: "తెరలు క్షేమం. ప్రమాదమల్లా సంఘం అధ్యక్షుడి వల్లే. ఆయన్ని గుహ బయట కూర్చోబెట్టాలి. కిటికీ అవసరం లేదు."

ఇప్పుడు సింగన్న బయట బండ మీద, చల్లగాలిలో కూర్చుంటాడు. లోపల చుక్కమ్మ దగ్గు వినిపిస్తూనే ఉంటుంది. దారిన పోయేవాళ్లతో "ఇదంతా మేనేజరు కుట్ర" అనబోతాడు. అంతలో చెయ్యి భుజం మీది తువ్వాలుకి తగులుతుంది.

నవ్వొచ్చిందా? రేపు తనిఖీ అంటే, ఈ పూట గుడ్డ పట్టుకోకుండా కూర్చోగల మొనగాడు మనలో ఎవరు?