మావయ్య ఎరుపు

ఆ ఉదయం పెద్దాయన చేయవలసిన పని ఒక్కటే. సబ్బుల వ్యాపారి వచ్చేలోగా కంప్యూటర్‌లో ఒక మీట నొక్కి, సబ్బుకు చుట్టే కాగితం నమూనా తీయాలి. నిరుటి ఎరుపే రావాలని, తేడా వస్తే పక్కవీధి ప్రెస్సుకు పోతానని వ్యాపారి ముందే చెప్పాడు. పెద్దాయన ప్రెస్సుకు అంతకు మించిన బేరం లేదు.

"మావయ్యా, పంటి డాక్టరు దగ్గరికి వెళ్లొస్తా. అన్నీ సిద్ధం చేశా. ఇంకేం ముట్టుకోకండి," అని కోడలు వెళ్లింది.

ముట్టుకోకూడదనే ఆయనా అనుకున్నాడు. కానీ తెర మీది రంగుల పట్టికలో, ఆయన ఇన్నేళ్లూ చేత్తో కలిపిన ఎరుపుకు కోడలు "మావయ్య ఎరుపు" అని పేరు పెట్టి ఉంది. ఛాతీ ఉబ్బింది. ఆ వెంటనే ముక్కు ముడుచుకుంది. మాటల్లో మావయ్య అనవచ్చు. అచ్చులో మామయ్య అనే ఉండాలి. సీసపు అక్షరాలు పేర్చి బతికిన మనిషి, ఊరుకోలేడు. మీటలు వెతుక్కుని 'వ' తీసి 'మ' పెట్టాడు.

నమూనా ఇటుక రంగులో వచ్చింది.

భార్యను పిలిచాడు. "ఇది ఎరుపేనా?"

"మన వెనక గోడ," అందామె.

కోడలికి ఫోన్ చేశాడు.

"ఏమైనా ముట్టుకున్నారా?"

"లేదమ్మా. రంగు పేరులో తప్పు దిద్దానంతే."

కోడలు నోట్లో దూదితోనే చెప్పింది. "కంప్యూటర్‌కి రంగు తెలీదు మావయ్యా, పేరే తెలుసు. ఫైల్లో పేరూ పట్టికలో పేరూ పొల్లుపోకుండా కలవాలి. లేకపోతే ప్రతిసారీ తనకు తోచిన ఆ ఒక్క రంగే పోసేస్తుంది."

మళ్లీ మావయ్య అని పెట్టాడు. రెండు మాటల మధ్య జాగా మరిచాడు. ఇటుక. జాగా పెట్టబోతే రెండు పడ్డాయి. ఇటుక. చివరికి పాతపద్ధతిలో చేత్తోనే కలుపుదామని సిరా డబ్బా విప్పాడు. చేతులు, చొక్కా, తలుపు గొళ్లెం ఎర్రబడ్డాయి. కాగితం మాత్రం ఎర్రబడలేదు.

ఆ గొళ్లెం పట్టుకునే వ్యాపారి లోపలికొచ్చాడు. అరచేయి చూసుకున్నాడు.

"ఇదేంటి పెద్దాయనా?"

"ఎరుపు."

వ్యాపారి తన కొట్టు అద్దంలో ఏడాదిగా ఎండకు నిలబెట్టిన సబ్బు తెచ్చాడు. దాన్ని నమూనా పక్కన పెట్టాడు. ఇటుక, ఇటుక. "ఇదే. అచ్చెయ్యండి," అన్నాడు.

బుగ్గ వాచిన కోడలు అప్పుడే వచ్చింది. పేరు సరిచేసి అసలు ఎరుపు తీసి చూపించింది. "మీ రంగు ఇదండీ. మీ చేతిలోది ఎండకు వెలిసింది."

"సబ్బా, ఫైరింజనా అంటారమ్మా జనం. నాకు పెద్దాయన తీసిందే కావాలి," అన్నాడు వ్యాపారి.

ఆ రంగు రావాలంటే పట్టికలో పేరు తప్పుగానే ఉండాలి. ఆ బాధ్యత కోడలు మామగారికే అప్పగించింది.