బిగుసుకుపోతున్న కోటు

ఆ పొద్దున టైలర్ మాస్టారు అనుకున్న పని చాలా చిన్నది. నమూనా కోటును వెనకగదిలో ఉన్న గుడ్డబొమ్మకు తొడిగి, భుజాలు చూసుకుని, మధ్యాహ్నానికి కటింగ్ మొదలుపెట్టించాలి. ఆసుపత్రి డాక్టర్లకు నలభై తెల్లకోట్లు. అవి నచ్చితే ఏటా ఆ పని ఈ కొట్టుకే వస్తుంది. నచ్చకపోతే, వీధి చివర కొత్తగా వెలిసిన అద్దాల రెడీమేడ్ షాపు ముందు ఈ కొట్టు ఇంకో ఏడాది కూడా నిలవదు. ఆ సంగతి మాస్టారికీ తెలుసు, కటింగ్ చేసే బావమరిదికీ తెలుసు.

వెనకగది తలుపు తీస్తే బొమ్మకు తల ఉంది.

బూడిదరంగు తల. రెప్ప వెయ్యని కళ్ళు. ఇరవయ్యేళ్ళుగా తల లేకుండా నిలబడ్డ బొమ్మ అది. మాస్టారి గుండె ఒక కుట్టు తప్పింది. అది బొమ్మ మెడ మీద ముడుచుకు కూర్చున్న పిల్లి అని తెలియడానికి కాసేపు పట్టింది. ఎవరి పిల్లో, మూసిన గదిలోకి ఎలా వచ్చిందో తెలియదు. దించబోతే కుడి ముంజేతి మీద రెండు గీతలు గీసి, బీరువా మీదికెక్కి కూర్చుంది. గీతలు చాకుపీసుతో గీసినట్టున్నాయి, మధ్యలో సరిగ్గా అరంగుళం. మాస్టారు చింకిగుడ్డతో నెత్తురు తుడుచుకుని పనిలో పడ్డాడు.

బొమ్మ భుజాలు చెబుతుంది గాని బిగుతు చెప్పదు. అందుకని ఏ కోటైనా ఆయన రోజూ ఓసారి తానే వేసుకుని చూస్తాడు. "నా ఒళ్ళే నా టేపు. పెళ్ళినాటి కొలత, నూలుపోగు మారలేదు" అంటాడు.

పని మొదలైన పన్నెండో రోజు నమూనా కోటు వేసుకుంటే కుడిచంకలో ఎవరో బొటనవేలు పెట్టి నొక్కినట్టయింది. మర్నాటికి ఆ వేలు పిడికిలైంది.

"ఏరా, కుడిచంక తక్కువ కోశావా?"

"లేదు బావా. రెండు పక్కలా ఒకటే కాగితం పెట్టి కోశాను."

"మరి నన్నెందుకు పట్టుకుంటోంది?"

"ఓసారి నిన్ను కొలవనీ."

"నన్నా? కత్తెర పట్టడం నేర్పింది నేను. నువ్వు నన్ను కొలుస్తావా?"

బావమరిది మెడలోని టేపు తీసి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

మాస్టారు నమూనా కోటు కుడిచంకను తానే కత్తిరించి అంగుళం వదులు చేశాడు. రెండు రోజులు ఊపిరాడింది. మూడో రోజు మళ్ళీ పట్టింది, ఇంకా గట్టిగా.

"ఏమండీ, ఆసుపత్రి వాళ్ళిచ్చిన ఆ తాను వాళ్ళ స్టోరులో ఎన్నేళ్ళు పడుందో" అంది భార్య గడప దాటకుండానే. "ఎవరి మీద కప్పడానికి దాచారో ఏమో. అలాంటి గుడ్డ మనిషిని గుర్తుపడుతుందంటారు."

"గుడ్డకు గుర్తుపట్టడమేంటి, నీ మొహం" అన్నాడాయన. అన్నాడు గాని, ఆ తర్వాత వెనకగదిలోకి వెళ్ళినప్పుడల్లా తలుపు బార్లా తెరిచే ఉంచాడు.

మధ్యాహ్నాలు వణుకు పుట్టేది. నలభై కోట్లు తీగకు వరసగా వేలాడుతుంటే, గాలి లేకపోయినా కుడిచేతులు మాత్రం కదిలినట్టుండేది. బీరువా మీదే మకాం పెట్టిన పిల్లి వాటిని చూసేది కాదు. ఆయన చంక వైపే చూసేది. చివరికి తెగించి ఆ నలభైలో తన కొలతకు సరిపోయే తొమ్మిదింటినీ ఒక్కొక్కటే తొడుక్కున్నాడు. తొమ్మిదీ పట్టాయి, ఒకే చోట, ఒకే చెయ్యి పట్టినట్టు. గుడ్డే కుంచించుకుపోతోందని తేల్చేశాడు. రెండు రోజులు కూర్చుని నలభై కోట్లకూ కుడిచంక అంగుళం లోతుగా వదిలాడు. ఎడమ పక్క బాగానే ఉంది కనుక ముట్టుకోలేదు.

ఆసుపత్రి వరండాలో డాక్టర్లు కోట్లు తొడుక్కుని చేతులెత్తారు. చదువుకున్నవాళ్ళకు కోటు నప్పకపోతే తప్పెప్పుడూ దర్జీదే. ఈసారి నిజంగానే ఆయనది.

"మాస్టారూ, అందరికీ కుడి పక్క ఇలా నోరు తెరిచిందేమిటి?" అంది పెద్ద డాక్టరమ్మ.

"గుడ్డ ముడుచుకుంటోందమ్మా, రోజు రోజుకీ. ముందు జాగ్రత్తగా వదిలాను."

"కుడి పక్కే ముడుచుకుంటుందా?"

"మీరే చూడండి" అని సంచిలోంచి నమూనా కోటు తీసి తొడుక్కుని చెయ్యెత్తబోయాడు. చెయ్యి సగంలో ఆగిపోయింది. ముఖం కోటుకన్నా తెల్లబడింది.

ఆవిడ చంకలో వేళ్ళు పెట్టి చూసింది. "కోటుకేం కాలేదు. మీకు బిళ్ళ కట్టింది, నిమ్మకాయంత. ఈమధ్య పిల్లి ఏమైనా గీరిందా?"

పిల్లి గీరిన సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. "మీకెలా తెలుసమ్మా?"

ఆవిడ కోటు చెయ్యి పైకి లాగి ఆయన ముంజేయి తిప్పింది. గీతలు మానలేదు. ఒకదాని చివర ఎర్రటి పొక్కు. "గోళ్ళలోంచి క్రిమి లోపలికెళ్ళింది. ఆ రోజే సబ్బుతో కడగాల్సింది. చాలామందికి దానంతటదే తగ్గుతుంది. ఏ కొందరికో కంటికెక్కుతుంది, అరుదుగా కాలేయానికి, మెదడుకీ పాకుతుంది. మీకు చూపు మసకేస్తోందా?"

కన్ను పోతే సూదిబెజ్జం కనబడదు. గోడ మీది కంటిపరీక్ష అక్షరాలు కింది వరస దాకా చదివాడు, ఆ వరసను అడక్కుండానే రెండోసారి కూడా చదివాడు. ఆవిడ తృప్తిపడి మందులు రాసింది.

"మరి కోట్లమ్మా?"

ఆవిడ తన కుడిచెయ్యి పైకెత్తి, దించి, మళ్ళీ ఎత్తింది. "ఇటు పక్కే హాయిగా ఉంది. ఎడమ పక్క కూడా ఇలాగే వదలండి. సోమవారానికి కావాలి."

వదలాలంటే కత్తెర పట్టాలి. కుడిచెయ్యి లేవదు. భార్య వెళ్ళి తమ్ముణ్ణి తీసుకొచ్చింది. వాడు కత్తెర ముట్టుకోకముందే బల్ల మీది టేపు తీసి బావ భుజం చుట్టూ వేశాడు. "ఎడమ పక్కకంటే రెండంగుళాల పైనే ఎక్కువుంది బావా" అన్నాడు. వెంటనే కత్తెర అందుకున్నాడు. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి.

సోమవారం కోట్లు వెళ్ళాయి, వచ్చే ఏటి పని కూడా ఖాయమైంది. పిల్లి ఎప్పుడు వెళ్ళిందో ఎవరూ చూడలేదు. బొమ్మ మెడ మీద చెయ్యి పెడితే మాత్రం వెచ్చగా తగిలింది.

రెండు నెలలకు బిళ్ళ కరిగింది. ఆ పొద్దున మాస్టారు నమూనా కోటు తొడుక్కుని, చెయ్యెత్తి చూసుకుని, "ఏరా, కుడిచంక ఇంత వదులు కోశావేం?" అన్నాడు.

బావమరిది ఆ కోటు విప్పించి బొమ్మకు తొడిగాడు. ఆ రోజు నుంచీ కొలతలకు తల లేని బొమ్మనే నమ్ముతున్నాడు.