మిగిలింది ఇదొక్కటే

ఆ సోమవారం అహల్య పుట్టినరోజు. భార్యకు చీర కొనే అలవాటు శ్రీపాదకు లేదు. కొన్నా ఆమెకు నచ్చేది కాదు. ఈసారి మాత్రం వేరే ఆలోచన చేశాడు. పెళ్లికి ముందు పురానాపూల్ దగ్గరి గుడిలో ఆమె పాడిన హారతి పాట ఒక క్యాసెట్‌లో ఉంది. మిగతా క్యాసెట్లన్నీ తేమకు బూజు పట్టి పాడయ్యాయి. దీన్ని చార్మినార్ వెనక ఒక దుకాణంలో ఇచ్చి, పాటను ఫోన్‌లోకి ఎక్కించుకున్నాడు. అహల్య కూరగాయలకు మాదన్నపేట మార్కెట్‌కు పోగానే, ఆమె చెల్లెలు కౌముది నడిపే చుట్టాల గ్రూపులో ఆ పాట పెట్టాలి. ఆమె తిరిగి వచ్చేసరికి చుట్టాలంతా మెచ్చుకుంటూ ఉండాలి.

పొద్దున్నే ఆఫీసు మీటింగ్ కూడా ఉంది. శ్రీపాద ఒక రవాణా కంపెనీలో బిల్లులు చూస్తాడు. కంపెనీ ఆఫీసు ఖాళీ చేసి అందరినీ ఇంటి నుంచే పని చేయమన్నాక, అతని ఆఫీసు సంతోష్‌నగర్ ఇంట్లో బీరువాకూ మంచానికీ మధ్యకు వచ్చింది. ఈ మధ్య మీటింగుల్లో తెర మీద పేర్లు తగ్గిపోతున్నాయి. ఏ సోమవారం ఎవరి పేరు మాయమవుతుందో తెలియదు. ఆ భయంతో ఒక చేత్తో ల్యాప్‌టాప్ తెరుస్తూ, రెండో చేత్తో పాట పంపాడు. దానితో పాటు ఆనాటి అహల్య ఫొటో ఒకటి, రంగు వెలిసినది, పెట్టి కింద ఇలా రాశాడు: "అహల్య గొంతు. ఇంక మిగిలింది ఇదొక్కటే." ఫోన్ మోగకుండా చేసి, వంటింట్లో ఛార్జింగ్‌కు పెట్టి వచ్చి కూర్చున్నాడు.

పాట చుట్టాల గ్రూపుకు పోలేదు. ఆఫీసు గ్రూపుకు పోయింది.

మీటింగ్‌లో ఎవరూ బిల్లుల మాట ఎత్తలేదు. మేనేజర్ శ్రీహరిరావు గుంటూరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి, మామూలుగా గద్దించి మాట్లాడతాడు. ఆ రోజు గొంతు తగ్గించి, "శ్రీపాద గారూ, ఈ పరిస్థితుల్లో మీరు మీటింగ్‌కి రావడమేంటండీ? మీ పని అంజన్ చూసుకుంటాడు. మీరు వెళ్లండి" అన్నాడు.

పేరు మాయమయ్యే వంతు తనదే అనుకున్నాడు శ్రీపాద. తన సోమవారం వచ్చేసింది.

"గిట్ల ఒక్కసారే అంటే ఎట్ల సార్? ముందుగాల ఒక్క మాట తెల్వలే."

"ఎవరికి మాత్రం తెలుస్తుందండీ? పైవాడి నిర్ణయం. మన చేతుల్లో ఏముంది?"

పైవాడంటే హెడ్డాఫీసు అనుకున్నాడు శ్రీపాద. "నేనేం తక్కువ చేసిన సార్? ఇన్నేండ్లు ఒక్క దినం గూడ తప్పు పట్టిచ్చుకోలే. మీరన్న పైన ఒక్క మాట చెప్పకపోయిన్రా?"

సిబ్బంది వ్యవహారాలు చూసే స్రవ్య కెమెరా ఆపేసి ఏడ్చింది. శ్రీహరిరావు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నేను చెబితే వినేవాడైతే చెప్పనా అండీ? ధైర్యంగా ఉండండి. కాసేపట్లో నేనూ, స్రవ్యా, అంజనూ ఇంటికొస్తాం."

ఉద్యోగం తీసేసి ఇంటికి కూడా ఎందుకు వస్తున్నారో శ్రీపాదకు అర్థం కాలేదు. ల్యాప్‌టాప్ పట్టుకుపోవడానికే అయి ఉంటుందని, దాన్ని తుడిచి, వైరు చుట్టి, సంచిలో సర్ది గుమ్మం పక్కన పెట్టాడు.

అవతల అంజన్ మనసు ఊరుకోలేదు. శ్రీపాద పక్క సీటులో పనిచేసిన రోజుల్లో అహల్య పంపిన సకినాలు తిన్నవాడు. ఆమె ఫొటోకు కదిలే పూలదండ వేసి, కింద దీపం వెలిగించి, పాట జతచేసి, 'అహల్య గారికి అశ్రునివాళి' అని ఇంటర్నెట్‌లో పెట్టాడు. పాట నిజంగానే బాగుంది. విన్నవాళ్లు ఇంకొకరికి పంపారు, వాళ్లు కాలనీ గ్రూపులకు పంపారు.

మాదన్నపేటలో మొగులయ్య బీరకాయలు తూస్తూ అదే పాట వింటున్నాడు. అహల్య ఆగింది. అది తన గొంతేనని గుర్తుపట్టడానికి ఆమెకు కొంచెం సేపు పట్టింది.

"ఎవరిదన్నా ఈ పాట?"

"సంతోష్‌నగర్ల ఒకామెదట అక్కా. ఇయాల పొద్దుగాల పోయిందట, పాపం. మస్తు పాడింది. మా ఇంటామె ఇని ఒక్కటే ఏడ్సుడు." ఫోన్ ఇటు తిప్పి చూపించి, ఫొటోనూ ఎదుటి మనిషినీ మార్చి మార్చి చూశాడు. "నీకు చెల్లె అయితదా?"

"కాదు. నేనే."

మొగులయ్య తక్కెడ వదిలేసి వెనక్కి జరిగాడు. అహల్య ఆ ఫోన్ అందుకుని, అక్కడే నిలబడి పాట చివరిదాకా విన్నది. కింద జనం రాసినవి చదివింది. ఇంత గొంతు ఇన్నాళ్లు ఎక్కడ దాగిందని ఎవరో అడిగారు. పెళ్లయిన కొత్తలో "వంట కాడ ఆ రాగాలేంది వదినా" అని విసుక్కున్న ఆడపడుచు వేదశ్రీ, 'మా వదిన పాడుతుంటే ఇల్లు గుడిలా ఉండేది' అని రాసింది.

ఇంటికి వచ్చేసరికి శ్రీపాద మంచం మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

"నా నౌకరి పోయింది అహల్యా."

"నౌకరి కాదు. నేను పోయిన. మీ ఫోన్ చూసుకోండి."

అతను ఫోన్ చూసుకునేలోపే తలుపు చప్పుడైంది. అహల్య తీసింది. గుమ్మంలో పెద్ద గులాబీల దండతో శ్రీహరిరావు, వెనక స్రవ్య, అంజన్.

"లోపటికి రండి సార్. దండ ఇట్లియ్యండి, బరువుంటది."

శ్రీహరిరావు ముఖంలో క్షణం పాటు సంతోషం కనిపించింది. తర్వాత అది కోపంగా మారింది. "ఏంటండీ ఇది శ్రీపాద గారూ? ఆఫీసంతా ఏడ్చింది. హెడ్డాఫీసు సంతాపం పంపింది. ఇప్పుడు నేను వాళ్లకేం చెప్పాలి, ఆవిడే తలుపు తీసిందనా?"

స్రవ్య ఇబ్బందిగా, "మేడం పేరు హెల్త్ కార్డుల నుంచి తీసేసినం సార్. మళ్ల ఎక్కియ్యాలంటే సిస్టమ్ ప్రూఫ్ అడుగుతది" అన్నది.

"నేను ఎదురుంగ నిలబడ్డ గద" అన్నది అహల్య.

"మనుషులను చూస్తే ఒప్పుకోదు మేడం. కాగితం గావాలె."

అంజన్ తన వీడియో తీసేసి, అహల్య గారు క్షేమంగా ఉన్నారని రాశాడు. దాంతో అసలు లొల్లి మొదలైంది. పేరు కోసం భార్యను చంపాడని శ్రీపాదను తిట్టారు. తమ కన్నీళ్లు వృథా చేశారని కొందరు అంజన్‌ను తిట్టారు. వేదశ్రీ తను రాసిన మాట తీసేసింది. పాట మాత్రం ఆగలేదు. అప్పటికే ఎందరో దాచుకుని, ఇంకా ఎందరికో పంపుతున్నారు. శ్రీపాద ఉద్యోగం ఉంది. ఆ రోజు మాత్రం సెలవు కింద రాసుకున్నారు.

సాయంత్రం అహల్య అడిగింది: "ఊరంత ఇన్నది. మీరు ఇన్నరా, ఆఖరి దాంక?"

శ్రీపాద అబద్ధం చెప్పలేకపోయాడు. "దుకాణంల, మంచిగ ఎక్కిందా లేదా అని మొదలు జెర ఇన్న."

ఆమె గులాబీల దండ మీద నీళ్లు చల్లింది. తర్వాత, "రేపు పాడత. ఇప్పటి గొంతుతోని. నేనున్నట్టు ఎవరికన్న తెల్వాలె గద" అన్నది.

మరునాడు కిటికీ పక్కన కూర్చుని అదే పాట పాడింది. గొంతు బరువెక్కింది, పై స్థాయిలో ఒకచోట తడబడింది. కానీ ఆనాడు లేని నెమ్మది అందులో ఉంది. ఫోన్ పట్టుకున్న శ్రీపాద చివరిదాకా విన్నాడు. ఇన్నేళ్లు ఎందుకు వినలేదో అతనికే తెలియలేదు. పాటలో పడి ఫోన్ నిలకడగా పట్టలేదు, వీడియోలో ఆమె ముఖం కదిలిపోయింది. అట్లాగే పేరు, తేదీ వేసి ఇంటర్నెట్‌లో పెట్టాడు.

కౌముది విన్నది. మొగులయ్య విని, తన ఇంటామెకు పంపాడు. పొద్దు గుంకే వేళకు ముఖం తెలియని ఎవరో ఒకాయన కింద రాశాడు: 'ఆ పాత పాట ముందు ఇది నిలబడదు. అహల్య గారు లేని లోటు ఎవరూ తీర్చలేరు.'

ఆ మాటను మెచ్చుకున్నవాళ్లు పాట విన్నవాళ్ల కంటే ఎక్కువ.