ఇంట్లో వైఫై, ఫోన్‌కి బయటి తిండి

ఇంట్లో వైఫై నిండుగా ఉండగానే మీ ఫోన్ గుట్టుచప్పుడు కాకుండా మొబైల్ డేటా తినేస్తోందా? అయితే ముందుగా నా అభినందనలు అందుకోండి. దయచేసి దాన్ని బాగుచేయించకండి. అలాంటి ఫోన్ దొరకాలంటే పెట్టి పుట్టాలి!

నేను పెట్టి పుట్టాను. పొద్దుటి ఫలహారం గిన్నెలు సింకులోకి చేరకముందే నా ఫోన్‌కి ఒక సందేశం వస్తుంది, ఈరోజు డేటాలో సగం అయిపోయిందని. కూర పొయ్యెక్కేసరికి రెండోది వస్తుంది, మిగతా సగం కూడా అయిపోయిందని. ఆ రెండు సందేశాల నెత్తినా వైఫై గుర్తు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతూనే ఉంటుంది. ఇంట్లో కంచం ముందు కూర్చున్నట్టే కనిపిస్తూ, వీధి చివర హోటల్లో తినేసి వచ్చే మనిషిని మీరెక్కడైనా చూశారా? నేను రోజూ చేత్తో పట్టుకుని తిరుగుతున్నాను.

దీనివల్ల కలిగే మొదటి లాభం కుటుంబ ఐక్యత. ఇంటిల్లిపాదీ ఒకేసారి నా గురించి ఆలోచించారు. అంతకు ముందు అలా జరిగింది గ్యాస్ అయిపోయిన రోజునే.

"నువ్వు వంటల వీడియోలు చూస్తుంటావుగా, అదే అయ్యుంటుంది," అన్నారు మావారు. ఆయన ఇంటి నుంచే ఆఫీసు పని చేస్తారు. మీటింగుకీ మీటింగుకీ మధ్య కాసేపు మనకు దొరుకుతారు.

"రోజూ నా వంటే తింటున్నారు కదండీ. ఎప్పుడైనా వీడియో చూసి చేసినట్టు అనిపించిందా?"

ఆయన నిజాయితీగా ఆలోచించారు. "లేదు," అన్నారు. ఆ అభియోగం అక్కడితో కొట్టేశాం.

అత్తగారు సీరియల్ మీంచి చూపు తిప్పకుండానే కారణం కనిపెట్టారు. "ఎప్పుడు చూసినా ఫోన్‌ని పొయ్యి పక్కనే పెడతావు. ఆ సెగకి కరిగిపోతోందేమో. ఫ్రిజ్‌లో పెట్టి చూడు."

పెద్దవాళ్ళ మాట కాదనడం దేనికి? కూరగాయల అరలో పెట్టాను. టమాటాల మధ్య, తలుపు మూసిన చీకట్లో, చలికి వణుకుతూ కూడా అది తన వాటా తాను తినేసింది. చల్లటి ఫోన్ చెవికి ఆనించుకుంటే హాయిగా ఉంటుందన్న సంగతి మాత్రం తెలిసింది. ఇదీ ఒక లాభమే.

ఇక మా అమ్మాయి. కాలేజీలో కంప్యూటర్లే చదువుతోంది కనుక, గదిలోంచి బయటికి రాకుండానే వైద్యం చెప్పగలదు. "ఆఫ్ చేసి ఆన్ చెయ్యమ్మా," అంది. చేశాను. ఫోన్ కాస్త విశ్రాంతి తీసుకుని, మరింత ఆకలితో లేచింది.

ఇంతవరకూ సరదాగానే ఉంది. కానీ నాకూ ఒక అవసరం పడింది.

పెళ్ళికి ముందు నేను లెక్కల్లో డిగ్రీ చేశాను. ఆ తరవాత దాన్ని పాల ప్యాకెట్ల దగ్గర తప్ప ఎక్కడా వాడలేదు. పిల్లలకు ఆన్‌లైన్లో పాఠాలు చెప్పించే ఒక సంస్థ, ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు ఉద్యోగాలు ఇస్తామంటే, ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. ఒక డెమో క్లాసు చెప్పి చూపించమన్నారు.

మావారి గదిలో మీటింగు. హాల్లో సీరియల్. బెడ్‌రూమ్‌లో అమ్మాయి క్లాసు. ఎవరికీ అక్కర్లేని గది వంటిల్లొక్కటే కనుక అక్కడ నిలబడి, పోపుల డబ్బాకి ఫోన్ ఆనించి, భిన్నాలు మొదలుపెట్టాను. సరిగ్గా "కింద ఉన్న అంకెని..." అనేసరికి డేటా అయిపోయింది. అవతల తెరమీద నేను నోరు తెరుచుకుని బిగుసుకుపోయానట. ఆ సంస్థ మేడమ్ అరగంట తరవాత ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "మీ ఎక్స్‌ప్రెషన్ చూసి ఏమైనా అయిందేమో అని భయపడ్డామండీ. గురువారం ఇంకొక్కసారి చూద్దాం. అప్పుడూ ఇలాగే అయితే మాత్రం ఏమీ అనుకోకండి," అన్నారు.

ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాం? పోపుల డబ్బా మూత చాలా గట్టిగా పెట్టాను.

ఆ చప్పుడుకి మా అమ్మాయి గదిలోంచి స్వయంగా లేచి వచ్చింది. నా ఫోన్ తీసుకుని నాలుగు నొక్కులు నొక్కింది. "అమ్మా, ఇక్కడ వైఫై ఒక్క గీతే ఉంది. అదీ మొహమాటానికి. మధ్యలో ఈ ఫ్రిజ్జూ, నాన్నమ్మ స్టీలు గిన్నెల అలమరా, రెండు గోడలూ. అందక, నీ ఫోనే పాపం డేటాకి మారిపోతోంది. ఆ ఆప్షన్ ఆన్‌లో ఉంది. ఆపేశాను."

ఆ రోజు నుంచి డేటా చుక్క కూడా ఖర్చవలేదు. వంటింట్లో ఫోన్‌కి నెట్ కూడా రాలేదు. వైఫై గుర్తు మాత్రం అలాగే వెలుగుతోంది.

చూశారా, ఇన్నాళ్ళూ నేను అనుమానించింది ఎంతటి ఉత్తమురాలినో! తనకి అందడం లేదని ఎవరితోనూ అనదు. తన దగ్గరున్నది తీసి ఖర్చుపెట్టుకుని పని జరిపిస్తుంది. ఇంటి గుర్తు మాత్రం నెత్తిన పెట్టుకుని, లోటు లేనట్టే కనిపిస్తుంది. ఈ పద్ధతి నాకెక్కడో బాగా పరిచయమైనట్టే అనిపించింది. ఎక్కడో మాత్రం చప్పున గుర్తుకు రాలేదు, పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి.

గురువారం దగ్గరపడింది. డేటా మీద నడిపిద్దామంటే, నా చిన్న ప్యాకు గంట వీడియోకి చాలక క్లాసు సగంలో అయిపోతుంది. "ఒక్క గంట గది ఇస్తారా?" అని మావారిని అడిగాను. "గురువారమా? క్లయింట్ కాల్ ఉంది," అన్నారు. శుక్రవారం అడిగినా క్లయింట్ ఉండేవాడే. అత్తగారి సీరియల్లో గురువారం పెళ్ళి. అది ఎలాగూ ఆగిపోతుందని తెలిసినా ఆవిడ చూడాలి.

ఫోన్ చేత పట్టుకుని ఇల్లంతా తిరిగాను, గీతలు లెక్కపెట్టుకుంటూ. హాలు వాకిట్లో రెండు. మంచం మీద మూడు. ఇంకో తలుపు తీశాను. నిండుగా, నిలువెత్తున, ఒక్క గీత కూడా తగ్గకుండా వైఫై!

అది బాత్రూమ్. మావారి ఆఫీసు గదికి ఆనుకునే ఉంటుంది. ఆయన అందులో అంతసేపు ఎందుకుంటారో కూడా అప్పుడే అర్థమైంది.

గురువారం గడియ పెట్టుకున్నాను. బకెట్టు బోర్లించి, దాని మీద స్టూలు వేసి, షాంపూ సీసాకి ఫోన్ ఆనించాను. వెనక తెల్లటి పలకల గోడ. భిన్నాలకి అంతకన్నా మంచి బోర్డు ఏ బడిలోనైనా ఉంటుందా? మా అమ్మాయి దగ్గర తెచ్చుకున్న స్కెచ్ పెన్నుతో పలకలకి రంగులు వేస్తూ, సగమంటే ఏమిటో, పావంటే ఏమిటో, రెండూ కలిపితే ఎన్ని పలకలో చూపించాను. నా గొంతు గోడలకి తగిలి గంటలా మోగింది. చివర్లో మేడమ్, "గ్రిడ్ ఐడియా చాలా బాగుంది. స్టూడియో ఎక్కడ తీసుకున్నారండీ?" అని అడిగారు.

"సొంతదేనండీ," అన్నాను.

ఉద్యోగం వచ్చింది. రోజూ సాయంత్రం రెండు క్లాసులు.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే బాత్రూమ్. మూడో రోజుకల్లా ఇంటిల్లిపాదికీ వైఫై సమస్య మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. పిల్లలు అవతల "పావు భాగం మేడమ్" అంటుంటే, ఇవతల తలుపు మీద మావారు, "ఇంకా ఎంతసేపు?" అని గోకేవారు. ఒక పిల్లవాడు, "మేడమ్, మీ వెనకాల ఎవరో ఏడుస్తున్నారు," అన్నాడు. అత్తగారు సీరియల్ మధ్యలో లేచి, "నెట్టు పెట్టే అబ్బాయిని పిలిపించరా, నా వల్ల కాదు," అని కొడుకుతో తేల్చి చెప్పేశారు.

నా అవసరానికి పలకని ఇల్లు, తన అవసరానికి ఒక్క ఫోన్‌తో కదిలింది. మర్నాడే మనిషి వచ్చాడు. మొదట కనెక్షన్ పెట్టినవాడే. సంచి దించి, చుట్టూ చూసి, అలవాటుగా ఒక ప్రశ్న వేశాడు.

"రూటర్ ఎక్కడ బిగించమంటారు సార్? ఇంట్లో ఎక్కువగా ఎక్కడ కూర్చుంటారు?"

కిందటిసారి కూడా అతను అదే అడిగాడట. మావారు ఆఫీసు గది చూపించారు. అత్తగారు సోఫా చూపించారు. అమ్మాయి మంచం చూపించింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ సమయానికి నేను వంటింట్లో నిలబడి, అతనికి టీ కాస్తున్నాను.

ఈసారి టీ కాయలేదు. హాల్లోకి వచ్చి, "బాబూ, మొగవాళ్ళూ పెద్దవాళ్ళూ కూర్చునే చోటు సరే. ఈ ఇంట్లో ఎక్కువగా ఎక్కడ నిలబడతారో అడుగు," అన్నాను.

మావారు సీలింగ్ ఫ్యాను చూశారు. అమ్మాయి నన్ను చూసింది. ఏళ్ళ తరబడి వంటింట్లో నిలబడి, ఈమధ్యే సోఫాలోకి చేరిన అత్తగారు మాత్రం టీవీ సౌండు తగ్గించారు.

"వంటింట్లో పెట్టబ్బాయ్," అన్నారు. "నా గిన్నెల అలమరా అడ్డమైతే పక్కకి జరుపు."